కూరలో కారం ఎక్కువైందా? ముందు అది ఎక్కడుందో చూడండి

కూర దించబోతూ రుచి చూస్తే కారం నసాళానికి అంటుతుంది. అప్పటికే అన్నం ఉడికిపోయి ఉంటుంది, ఇంట్లోవాళ్ళు కంచాలు పెట్టుకుంటూ ఉంటారు. ఆ కంగారులో చాలామంది ఒక గ్లాసు నీళ్ళు పోసి మంట పెంచుతారు. దాంతో కూర పలచబడుతుంది కానీ, కారం ఎర్రటి నూనెలా పైకి తేలి అలాగే ఉండిపోతుంది. పలచగా ఉందని మళ్ళీ ఇగరబెడితే కథ మొదటికి వస్తుంది. మిరపకాయకు మంట ఇచ్చే క్యాప్సైసిన్ నీళ్ళలో దాదాపుగా కరగదు. నూనెలో, నేతిలో, మాంసం కొవ్వులో బాగా కరుగుతుంది. ఎంతసేపు మరిగించినా ఆవిరై పోదు.

అందుకే చేతికందిన చక్కెరో పెరుగో వేసెయ్యకుండా ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. మీ గిన్నెలో కారం ఎక్కడుంది? పైన తేలిన నూనెలో ఉందా, పులుసంతా కలిసిపోయిందా, ముక్కల మీద పొడిలా అంటుకుందా, లేక ఏరి పారేయగలిగే నాలుగు పచ్చిమిరపకాయల్లో ఉందా? ఏం చెయ్యాలన్నది దాన్ని బట్టే ఉంటుంది. కింద చెప్పిన కొలతల్లో టీస్పూన్ అంటే 5 మి.లీ., కప్పు అంటే 200 మి.లీ.

ముందు స్టవ్ ఆపండి

1. మంట ఆపి, కనిపించిన పచ్చిమిరపకాయలు, తాలింపులోని ఎండుమిరపకాయలు అన్నీ ఏరెయ్యండి. కలపడానికి ముందే ఏరాలి. ఉడికిన పచ్చిమిరపకాయ గరిటె తగిలి చితికితే, లోపలి తెల్లటి ఈనె అంతా కూరలో కలిసిపోతుంది. కారం ఎక్కువగా ఉండేది ఆ ఈనెలోనే. గింజలు దాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి కాబట్టి కారమంతా వాటిలోనే ఉంటుందన్న పేరు వచ్చింది.

2. రెండు చెంచాల కూర చిన్న గిన్నెలోకి తీసి గోరువెచ్చగా చల్లారనివ్వండి. పొగలు కక్కే కూర రుచి చూసి నిర్ణయానికి రావద్దు. నాలుక మీద కారాన్ని పట్టే గ్రాహకం, దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికి స్పందించే గ్రాహకం ఒకటే. వేడివేడిగా తింటే రెండు మంటలూ కలిసి తగులుతాయి. పొయ్యి మీద భరించలేనంత అనిపించిన కూర చల్లారాక ఫరవాలేదనిపించడం మామూలే.

3. చల్లారిన కూరను ఉత్తగా నాకి చూడకుండా ఒక ముద్ద అన్నంలో కలుపుకుని తినండి. మనం తినేది అలాగే కదా. ఉత్తగా మండిపోయే గోంగూర అన్నంలో సరిగ్గా సరిపోవచ్చు.

4. అప్పటికే మూడు నాలుగు సార్లు రుచి చూసి నాలుక మొద్దుబారి ఉంటే ఒక ముద్ద పెరుగన్నం తిని అయిదు నిమిషాలు ఆగండి. లేదా కారం తక్కువ తినేవాళ్ళ చేత రుచి చూపించండి.

5. సరిదిద్దే ముందు అరకప్పు కూర పక్కకు తీసి ఉంచండి. పాలో పెరుగో ఎక్కువై కూర చప్పబడితే తిరిగి కలుపుకోవడానికి పనికొస్తుంది.

ఉప్పు జోలికి ఇప్పుడే పోవద్దు. ఏం కలిపినా ఉప్పూ పలచబడుతుంది కాబట్టి దాన్ని ఆఖర్న పావు టీస్పూన్ చొప్పున సరిచేసుకోవచ్చు.

అది కారమేనా, ఘాటా?

నోరు మండించేదంతా మిరపకారం కాదు. ఇది తేల్చుకోకపోతే మంచి కూరలో అనవసరంగా అరలీటరు పాలు పోస్తారు.

అల్లం వెల్లుల్లి పేస్టు సరిగ్గా వేగకపోతే వచ్చే ఘాటు ముక్కుకెక్కుతుంది. దీనికి ఏమీ కలపక్కర్లేదు, సన్నని సెగ మీద మూతపెట్టి ఇంకో ఎనిమిది పది నిమిషాలు ఉడికిస్తే చాలు. పచ్చి అల్లంలో ఘాటునిచ్చే పదార్థం ఉడికేకొద్దీ మెత్తబడుతుంది, వెల్లుల్లి కూడా అంతే. చివర్లో వేసిన పచ్చి కారప్పొడి గొంతు పట్టుకుంటుంటే దానికీ ఓ అయిదారు నిమిషాల ఉడుకు కావాలి. పచ్చి వాసన పోయాక ఆ గరగర తగ్గుతుంది. మిగిలేది అసలు కారం, అది మాత్రం ఉడుకుతో తగ్గదు.

గరం మసాలా ఎక్కువైతే కారంతో పాటు చిరుచేదు, లవంగం మొద్దుదనం ఉంటాయి. లవంగాలు, చెక్క, యాలకులు కనిపిస్తే తీసేసి, వేయించిన ఉల్లిపాయ ముద్దో కొబ్బరిపాలో కలపండి. చింతపండు మాత్రం వెయ్యకండి, చేదు ఇంకా బయటపడుతుంది.

మిరియాల ఘాటు వేరు. మిరియాల చారు మండుతుంటే కదపకుండా పది నిమిషాలు వదిలేసి, పైన తేరిన చారును నెమ్మదిగా వంచుకోండి. దంచిన మిరియాల పొక్కు అడుక్కి చేరుతుంది, ఘాటులో ఎక్కువ భాగం దానిలోనే ఉంటుంది. టీ వడకట్టుతో వడగట్టినా సరే. ఎంత ముందు వడగడితే అంత మంచిది, నిలవున్నకొద్దీ పొక్కులోంచి ఘాటు దిగుతూనే ఉంటుంది.

మాడిన కారం సంగతి ముందే చెప్పాలి. కారప్పొడి కాగిన నూనెలో పడి నల్లబడితే వచ్చేది చేదు. దానికి విరుగుడు లేదు. అడుగు గోకకుండా పైది వేరే గిన్నెలోకి తీసుకుని, అందులోనూ మాడు వాసన ఉంటే మళ్ళీ వండుకోవడమే.

ఎంత కలిపితే ఎంత తగ్గుతుంది

ఈ లెక్క గుర్తుంటే చిట్కాలు అంతగా అక్కర్లేదు. మూడు గరిటెల కూరలో కారం లేని పదార్థం ఒక గరిటె కలిపితే కారం పావు వంతు తగ్గుతుంది. సగం తగ్గాలంటే అంతకంత కలపాలి. రెండు టీస్పూన్లు వెయ్యాల్సిన చోట పొరపాటున నాలుగు పడితే పెరుగు, జీడిపప్పు, బెల్లం ఇవన్నీ కొంతవరకే కాపాడతాయి. అలాంటప్పుడు అదే కూర ఇంకో అంత కారం లేకుండా వండి కలిపెయ్యడమే ఖాయమైన మార్గం. సగం మర్నాటికి దాచుకోండి.

నాలుగు ముక్కల బంగాళాదుంప వేస్తే కారాన్ని పీల్చేస్తుందని చాలా ఇళ్ళల్లో నమ్ముతారు. దుంప పీల్చేది కూర పులుసును. పులుసులో కారాన్ని మాత్రం విడదీసి లాక్కోవడం దానికి చేతకాదు. కూర పరిమాణం పెరుగుతుంది, ముద్దలో చప్పటి పిండి పదార్థం చేరుతుంది, అంతవరకే లాభం. దుంప వేసి తర్వాత తీసి పారేస్తే ఆ లాభమూ ఉండదు. వంటసోడా చిట్కా అసలు వద్దు. అది పులుపును చంపుతుంది కానీ కారాన్ని ముట్టుకోదు, పైగా కూరకు సబ్బు రుచి తెస్తుంది.

పులుపు, తీపి చేసే పని వేరు. తీపి నాలుకకు మంటను కొంత తక్కువగా తెలిసేలా చేస్తుంది. నిమ్మరసం, చింతపండు దృష్టి మళ్ళిస్తాయి. ఏదీ గిన్నెలో కారాన్ని తగ్గించదు. పిల్లలకు కడుపులో మంట వస్తుందని భయపడేవాళ్ళు బెల్లం వేసి ఊరుకోకూడదు, నోటికి తగ్గిన కారం కడుపులోకి అలాగే వెళుతుంది.

కోడి, మటన్ కూరలు

ఎక్కువగా పాడయ్యేవీ, బాగా దారికి తెచ్చుకోగలిగేవీ ఇవే. కారం ఎక్కువ భాగం నూనెలో ఉండటమే ఇక్కడ కలిసొచ్చే సంగతి.

మొదట గిన్నె కింద ఒక పక్క చెంచా పెట్టి వాల్చండి. కదపకుండా పది నిమిషాలు ఉంచితే ఎర్ర నూనె ఒక వైపుకు చేరుతుంది. దాన్ని లోతు గరిటెతో పైపైన తీసెయ్యండి. అరకిలో చికెన్ కూరలో మూడు నాలుగు టేబుల్ స్పూన్ల నూనె తేలికగా వస్తుంది, దాంతో పాటే కారంలో పెద్ద వాటా బయటికి పోతుంది. ఇంకేమీ కలపకుండా ఇంతటితోనే సరిపోయే కూరలు చాలా ఉంటాయి. మటన్ కూర మర్నాటికైతే పని ఇంకా తేలిక. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే కొవ్వు పైన పేరుకుంటుంది, పొద్దున్నే చెంచాతో పొరలా ఎత్తెయ్యొచ్చు. వేరుశనగ నూనె అంత గట్టిపడదు కానీ చిక్కబడుతుంది. తీసిన నూనెను పారబొయ్యకండి. చిన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజుల్లోపు గుడ్డు పొరటుకో బంగాళాదుంప వేపుడుకో వాడుకోవచ్చు. అప్పుడు వేరే కారం వెయ్యక్కర్లేదు.

నూనె తీశాక కూడా మంట ఉంటే చిక్కదనం ఇచ్చేది ఏదైనా ఒకటి కలపాలి. అరకిలో మాంసానికి కొలతలివి:

జీడిపప్పు ముద్ద: 12 నుంచి 15 జీడిపప్పులు వేడినీళ్ళలో పావుగంట నానబెట్టి, పావు కప్పు నీళ్ళతో మెత్తగా రుబ్బండి. కూరలో కలిపి సన్నని సెగ మీద అయిదు నిమిషాలు ఉంచండి. అడుగంటుతుంది, దగ్గరే ఉండి కలుపుతుండాలి. చెంచాడు గసగసాలు నానబెట్టి దీనితో పాటే రుబ్బితే ఇంకా మంచిది.

కొబ్బరిపాలు: అరచిప్ప కొబ్బరి తురిమి, అరకప్పు వేడినీళ్ళతో రుబ్బి పిండిన మొదటి పాలు. డబ్బా పాలైతే 400 మి.లీ. డబ్బాలో సగం చాలు. చివర్లో పోసి, ఒక్క పొంగు రాగానే ఆపెయ్యాలి. సలసల మరిగిస్తే విరిగి నూనె తేలుతుంది.

ఉల్లిపాయ ముద్ద: రెండు పెద్ద ఉల్లిపాయలు గోధుమ రంగు వచ్చేదాకా వేయించి రుబ్బండి. కూర రుచి మారకుండా కారం తగ్గించాలంటే దీన్ని మించింది లేదు. పాలు, పెరుగు, జీడిపప్పు పడితే కూర హోటల్ వాసన కొడుతుందనేవాళ్ళకు ఇదే దారి. కాస్త శ్రమ, పదిహేను నిమిషాలు పడుతుంది.

పెరుగు: కమ్మటి పెరుగు అరకప్పు. పాలలో, పెరుగులో ఉండే కేసీన్ అనే ప్రొటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని నాలుకకు అంటకుండా చేస్తుంది కాబట్టి ఇది చిక్కదనానికి మించిన పని చేస్తుంది. కానీ విరగడం కూడా ఇదే. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగును కాసేపు బయట ఉంచి, టీస్పూన్ శనగపిండి వేసి ఉండలు లేకుండా గిలక్కొట్టండి. అందులో రెండు గరిటెల వేడి పులుసు పోసి కలపండి. ఆ తర్వాతే గిన్నెలో పొయ్యండి. మంట సన్నగా ఉండాలి, గరిటె ఆగకూడదు. చింతపండో టమాటానో బాగా పడిన కూరలో పెరుగు పొయ్యకండి. పులుపు మీద వేడి తగిలి పలుకులు పలుకులుగా విరుగుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళు గ్రీకు పెరుగు వాడితే సగానికి సగం నీళ్ళు కలిపి పలచబరచండి, లేకపోతే ముద్దలు కడుతుంది. బాదం పాలు, ఓట్స్ పాలు పలచబరచడానికి పనికొస్తాయి కానీ వాటిలో కేసీన్ ఉండదు, పాలు చేసే పని చెయ్యవు. ఇంకో మాట. అక్కడి దుకాణాల్లో చిల్లీ పౌడర్ పేరుతో దొరికే సీసాల్లో చాలావాటిలో జీలకర్ర, వెల్లుల్లి పొడి, ఓరిగానో కలిసి ఉంటాయి, కారం తక్కువ. కయెన్ అని రాసి ఉన్నది ఉత్త మిరపపొడి, బాగా కారం. మొదటిదానికి అలవాటుపడిన చెయ్యి రెండోదానితో అదే కొలత వేస్తే ఇదిగో ఈ వ్యాసం అవసరమవుతుంది.

ముక్కలకు కారం, ఉప్పు, పసుపు పట్టించే దశలోనే ఎక్కువైందని తెలిస్తే అదృష్టమే. గిన్నెలో మిగిలిన ముద్దను వదిలేసి, ముక్కలకు అంటినదాన్ని చెంచాతో గీకి, పెరుగు ఇంకో పావు కప్పు పట్టించండి. కూరలో వెయ్యాల్సిన కారం పూర్తిగా మానెయ్యండి.

అతిథులకు పెట్టే కూరలో జీడిపప్పు, వేరుశనగ కలిపితే ఆ మాట వాళ్ళతో చెప్పండి. పడనివాళ్ళుంటారు.

చేపల పులుసు

కలపకూడని కూర ఇది, కలిపితే ముక్క చితుకుతుంది. ముందు నూనె తీసెయ్యండి. తర్వాత ముక్కల్ని అట్లకాడతో ఒక్కొక్కటిగా వెడల్పాటి పళ్ళెంలోకి తియ్యండి. మిగిలిన పులుసులో పలచని చింతపండు రసం ఒక కప్పు, ఉసిరికాయంత బెల్లం వేసి ఏడెనిమిది నిమిషాలు మరగనివ్వండి. చిక్కదనం తగ్గితే టీస్పూన్ బియ్యప్పిండి చన్నీళ్ళలో కలిపి పొయ్యండి. వేయించి రుబ్బిన ఉల్లిపాయ ముద్ద ఉంటే పిండి అక్కర్లేదు. రుచి కుదిరాక ముక్కలు తిరిగి పెట్టి, గిన్నెను గుడ్డతో పట్టుకుని ఒక్కసారి తిప్పి దించండి. ఆవు పాలు, పెరుగు వద్దు, చింతపండుకు విరుగుతాయి. కొబ్బరిపాలు పట్టుకుంటాయి, చివర్లో పోసి వెంటనే ఆపితే.

పప్పు, సాంబారు, చారు

పప్పు బాగుచెయ్యడం తేలిక. పచ్చిమిర్చి నిలువుగా చీరి వేస్తే పప్పుగుత్తితో మెదపడానికి ముందే ఏరెయ్యండి. మెదిపేశారా, అయితే ఇంకో పప్పు ఉడికించాలి. కందిపప్పుకు కుక్కర్ పెట్టే తీరిక లేకపోతే పావు కప్పు పెసరపప్పు వేయించి మూడింతల నీళ్ళలో ఉడికించండి, ఇరవై నిమిషాల్లోపే మెత్తబడుతుంది. కలిపాక రెండు చెంచాల నెయ్యి వెయ్యండి. నాలుగు గరిటెల పప్పులో గరిటెడు చప్పటి పప్పు పడ్డా తేడా నోటికి తెలుస్తుంది.

సాంబారుకూ ఉడికిన కందిపప్పే మొదటి మందు. లీటరు సాంబారుకు పావు కప్పు పప్పు ఉడికించి మెదిపి పొయ్యండి. తియ్యగుమ్మడి ముక్కలు విడిగా ఉప్పు నీళ్ళలో ఉడికించి వేస్తే కారం కొంత అక్కడే అణుగుతుంది. బెల్లం పది గ్రాములు దాటనివ్వకండి, అంతకు మించితే సాంబారు పాయసమవుతుంది. చారుకు పప్పు కట్టు పొయ్యడం మేలు. అదీ లేకపోతే బియ్యం రెండోసారి కడిగిన నీళ్ళు పోసి బాగా మరిగించండి. పోపులో ఎండుమిర్చి తుంపి వేసి ఉంటే వెంటనే ఏరెయ్యాలి, చారులో నానేకొద్దీ కారం దిగుతుంది.

తెలంగాణ ఇళ్ళల్లో చేసే పచ్చిపులుసుకు పొయ్యి అక్కర్లేదు కాబట్టి బాధే లేదు. ఇంకాస్త చింతపండు రసం, నీళ్ళు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టేబుల్ స్పూన్ వేయించిన నువ్వుల పొడి వేసి కలపండి. కాల్చి పిసికిన పచ్చిమిర్చి తొక్కలు చేత్తో తీసెయ్యడం మాత్రం మరవకండి. తీశాక ఆ చేత్తో కళ్ళు తుడుచుకోవద్దు.

వేపుళ్ళు, కారం పెట్టిన కూరలు

ఇక్కడ తీసెయ్యడానికి నూనె తేలదు, కలపడానికి పులుసు ఉండదు. నీళ్ళు చిలకరిస్తే బెండకాయ జిగురవుతుంది, దొండకాయ మెత్తబడుతుంది. పొడికి పొడే సమాధానం.

వేపుడును చిల్లుల గరిటెలోకి కొంచెం కొంచెంగా తీసి కుదపండి. అంటుకోని కారం బాణలిలో రాలుతుంది. ఆ రాలినదాన్ని, అడుగు నూనెను పక్కన పెట్టి, బాణలి తుడిచి ముక్కల్ని తిరిగి వెయ్యండి. అరకిలో కూరగాయకు మూడు టేబుల్ స్పూన్ల పుట్నాల పొడి గానీ, వేయించిన వేరుశనగ పొడి గానీ, ఎండుకొబ్బరి పొడి గానీ చల్లి రెండు నిమిషాలు కలపండి. వేరుశనగలోనూ కొబ్బరిలోనూ నూనె ఉంటుంది కాబట్టి పుట్నాల కన్నా అవి కాస్త బాగా పనిచేస్తాయి. పుట్నాలు కరకర నిలబెడతాయి. దొండకాయకు కొబ్బరి, బెండకాయకు వేరుశనగ, ఆలుగడ్డకు పుట్నాలు నప్పుతాయి. కాకరకాయకైతే బెల్లం పొడి రెండు టీస్పూన్లు, దానికి ఇవ్వాల్సిన తీపి ఎలాగూ ఇవ్వాలి.

గుత్తి వంకాయలో కారం కాయ లోపలుంటుంది. విప్పి తీస్తే కాయ చెదురుతుంది. వేరుశనగ, నువ్వులు, ఎండుకొబ్బరి రెండేసి టేబుల్ స్పూన్లు వేయించి, ఉల్లిపాయతో రుబ్బి, కారం లేని ఆ ముద్దను చుట్టూ పోసి పావుగంట మగ్గనిస్తే సరిపోతుంది. కాయ విరుచుకున్నప్పుడు రెండూ కలుస్తాయి.

పులిహోర, ఉప్మా, బిర్యానీ

పులిహోరలో మిరపకాయలు ఏరి, ఒక కప్పు బియ్యం విడిగా పలుకుగా వండి, పసుపు, ఉప్పు, చెంచా నూనె కలిపి ఆరబెట్టి చేర్చండి. వేడన్నం కలిపితే ముద్దవుతుంది. ఉప్మాలో అరకప్పు రవ్వ దోరగా వేయించి, ఒకటింబావు కప్పుల నీళ్ళలో ఉప్పు వేసి విడిగా ఉడికించి కలపండి. పచ్చి రవ్వ నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. బిర్యానీని కలపొద్దు. ఒక గ్లాసు బాస్మతి దాదాపు ఉడికించి వార్చి, పైన పరిచి, చుట్టూ రెండు చెంచాల నెయ్యి వేసి పది నిమిషాలు దమ్ పెట్టండి. వడ్డించేటప్పుడు పైనుంచి కిందికి నిలువుగా తియ్యండి. పక్కన పెరుగు చట్నీ ఎక్కువ చెయ్యండి.

రోటి పచ్చళ్ళు, ఆవకాయ

రోటి పచ్చడికి మూల పదార్థమే మందు. గోంగూర మండితే ఇంకో కట్ట గోంగూర మిర్చి లేకుండా నూనెలో మగ్గించి రుబ్బి కలపండి. టమాటాకు టమాటా, వంకాయకు కాల్చిన వంకాయ. కొబ్బరి చట్నీకైతే పచ్చికొబ్బరి, గుప్పెడు పుట్నాలు. వీటిల్లో దేనికీ తీరిక లేకపోతే గట్టి పెరుగులో కలిపి తాలింపు పెట్టెయ్యండి, పెరుగు పచ్చడి అవుతుంది. దోసకాయ, సొరకాయ, వంకాయ పచ్చళ్ళకు ఈ దారి బ్రహ్మాండంగా కుదురుతుంది. గోంగూరకు కుదరదు, పులుపు మీద పులుపు. పెరుగు, పచ్చి ఉల్లి, పచ్చికొబ్బరి పడినవి ఆ పూటకే వాడుకోవాలి. నిలవ ఉండవు.

ఆవకాయ విషయంలో తొందర పడకండి. కొత్త ఆవకాయ ముక్కుకెక్కేది కారం వల్లే కాదు, ఆవపిండి ఘాటు కూడా అందులో ఉంటుంది. ఆ ఘాటు మూడు నాలుగు వారాల్లో బాగా దిగుతుంది. అప్పటికీ కారమే ఎక్కువనిపిస్తే, సీజన్ ఉండగానే మరికొన్ని మామిడి ముక్కలు తుడిచి ఆరబెట్టి, మీరు వాడిన కొలతలోనే ఉప్పు, ఆవపిండి, నూనె కలిపి, కారం మాత్రం లేకుండా జాడీలో చేర్చండి. ఉప్పు తగ్గిస్తే బూజు పడుతుంది. నీళ్ళు తగలనివ్వొద్దు, చెక్కెర, బెల్లం జాడీలో పొయ్యొద్దు. తీపి కావాలనుకుంటే వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుని, దానిలో కరిగించి చల్లార్చిన బెల్లం పాకం కలుపుకోండి. ముద్దపప్పు, నెయ్యి ఉన్న కంచంలో అసలు ఈ గొడవే ఉండదు, అది వేరే సంగతి.

కొత్త కారం సీసా తెరిచిన రోజు

కారం ఎక్కువవ్వడానికి చెయ్యి జారడం కన్నా సీసా మారడమే ఎక్కువ కారణం. ఎండాకాలంలో కొత్తగా పట్టించిన కారం ఏడాది పాతదాని కన్నా ఘాటుగా ఉంటుంది. రకాలను బట్టి తేడా ఇంకా ఎక్కువ. గుంటూరు ప్రాంతంలో పండే తేజ రకం బాగా మండుతుంది, సన్నం దాని కన్నా తక్కువ. బ్యాడిగి, వరంగల్ చపాటా రకాలు రంగు బాగా ఇస్తాయి, కారం తక్కువ. ఎరుపును చూసి కారం అంచనా వెయ్యకండి. సీసా మార్చినప్పుడు చిటికెడు కారం చెంచా నేతిలో కలిపి అన్నంతో తిని చూడండి. మొదటి కూరలో మామూలు కొలతలో సగమే వేసి, మిగతాది ఉడికాక రుచి చూసి కలపండి. రంగు తగ్గుతుందనుకుంటే బ్యాడిగి పొడితో సరిపెట్టుకోవచ్చు. చిన్నపిల్లలకు కారం వెయ్యక ముందే గరిటెడు విడిగా తీసిపెట్టండి, తర్వాత కడిగి పెట్టే బాధ ఉండదు.

నోరు, చేతులు మండితే

నీళ్ళు తాగితే చల్లదనం ఉన్నంతసేపే హాయి. పాలు గానీ పెరుగు గానీ మజ్జిగ గానీ నోట్లో కాసేపు ఉంచుకుని మింగండి. వెన్న తీసిన పాలూ దాదాపు అంతే పనిచేస్తాయి, కేసీన్ వాటిలోనూ ఉంటుంది కాబట్టి. పాలు పడనివాళ్ళు చెంచాడు చక్కెర నాలుక మీద వేసుకుని కరగనివ్వొచ్చు. చక్కెర బదులు తేనె వాడేవాళ్ళు ఏడాది నిండని పసిపిల్లలకు మాత్రం దాన్ని నాకించకూడదు.

పచ్చిమిర్చి తరిగి చేతులు మండుతుంటే ముందు నూనె రాసి బాగా రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో కడుక్కోండి. నేరుగా నీళ్ళతో కడిగితే కారం వదలదు. గోళ్ళ కింద కూడా రుద్దండి. కంట్లో పడితే పాలూ నూనే వద్దు, మంచినీళ్ళు ధారగా పోస్తూ చాలాసేపు కడగాలి, అప్పటికీ మంట తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. లెన్సులు వాడేవాళ్ళు వాటిని తీసే ముందు చేతులు రెండుసార్లు కడుక్కోవాలి.